ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు

రండర్రా, ఇలా దగ్గరగా జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి, అవెక్కడికీ పారిపోవు. వంటింట్లో ఉన్నదాన్ని కూడా పిలవండి, సగంలో వచ్చి మళ్లీ మొదట్నుంచి చెప్పమంటుంది. చదువుకున్న పెద్దలంతా ఒకచోట కూర్చుని మంచిపని చెయ్యాలని సంకల్పిస్తే, ఆ మంచిపని చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్తాను. నక్కలరేవులో ఐసు బండి తోలే నూకరత్నం కథ ఇది.

నూకరత్నానికి ఒక ట్రాలీ ఆటో ఉంది. తెల్లవారుతుండగానే ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలెక్కించుకుని, మీద ఊక పోసి, గోనెపట్టాలు కప్పి రేవుకు బయల్దేరేది. పడవ ఒడ్డుకు తగిలే వేళకి ఐసు అక్కడ ఉండాలి. మనిషి ఆగుతాడు గాని చేప ఆగదు కదా. పదకొండేళ్లలో ఆమె ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. "రత్నం బండి చప్పుడు ఇన్నాకే మా రేవులో కోడి కూత్తాది" అనేవాడు పడవల పెద్ద ఎర్రయ్య. ఆ ఐసు పనే ఆమె ఇంటికి అన్నం.

ఆ ఊళ్లో రవాణా క్రమశిక్షణ కార్యాలయం అని ఒకటి ఉండేది. దానికి ప్రత్యేకాధికారి ప్రభంజనరావుగారు. ఆయన ప్రభుత్వ ఖర్చు మీద ఏడు రోజులు ఏదో మంచుదేశం వెళ్లొచ్చారు. అక్కడ కోటీశ్వరుడు కారు వేగంగా తోలితే ఇల్లమ్ముకునేంత జరిమానా అట, కూలివాడు తోలితే పూట కాఫీ ఖర్చు అట. అది చూసిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. తిరిగొచ్చిన వారంలోనే ఊరంతా బోర్డులు లేచాయి: "ఎవరి ఆదాయానికి తగ్గ అపరాధం వారిది!"

మార్కెట్ సెంటర్లో సభ పెట్టి ఆయన ప్రసంగించారు. "ఇందుమూలముగా ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, ఇంతవరకు ధనికుడు వంద రూపాయలు విసిరికొట్టి చట్టాన్ని కొనుక్కునేవాడు. ఇకమీదట ఆదాయానుపాత అపరాధ రుసుము అమల్లోకి వచ్చినది. ఆదాయంలోంచి వ్యయం తీసివేయగా మిగిలినదాంట్లో నూటికి ఒకటి!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నూకరత్నమే. అరచేతులు ఎర్రబడ్డాయి. "రొయ్యల చక్రధరం గారి కారు రోజూ మా బండిని గోడకి అదిమేసి పోతాదండి. ఇప్పుడు తేలుద్ది" అని పక్కనున్న చేపలమ్మే ఆడవాళ్లతో అంది కూడా. నిజం చెప్పాలంటే ఆలోచన మంచిదే. బియ్యం మంచివే. వండే చేతుల సంగతే ఇక చూడాలి.

మంగళవారం పొద్దున్న మార్కెట్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. వేట లేని ఆ రోజుల్లో మార్కెట్ కొట్లకు ఐసు తోలుతున్న నూకరత్నం ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. అయితే ముందురోజే ఆ తెల్లగీతను జానెడు వెనక్కి జరిపి వేశారు. ఆటో ముందుచక్రం గీత మీద పడింది. సరిగ్గా అదే క్షణంలో రొయ్యల చక్రధరంగారి పొడుగు కారు ఎర్రదీపాన్ని పూచికపుల్లలా చూసి, అరటిపళ్ల తోపుడుబండిని ఒక తోపు తోసి దూసుకుపోయింది. పైన కెమెరాకు ఇద్దరూ ఒకే ఫొటోలో దొరికారు.

కారు దొరకలేదు, అది వెళ్లిపోయింది. ఆటో ఆగి ఉంది కాబట్టి దొరికింది. కానిస్టేబుల్ పెంటయ్య వచ్చి తాళంచెవి లాక్కున్నాడు.

"ఆదాయ నిర్ధారణ అయ్యేదాకా చెవి ఆఫీసులో ఉంటుందక్కా."

"ఎప్పటికవుద్దయ్యా? వేట నిషేధం అయిపోతంది. ఆదివారం పడవలెల్తాయి, సోమవారం తెల్లారేసరికి సేపలతో వచ్చేత్తాయి. రెండు నెలల తర్వాత మొదటి వేట!"

"రేపు రా. రేపే అయిపోద్ది" అన్నాడు పెంటయ్య. ప్రభుత్వం వారి రేపు ఎంత పొడుగో అతడికీ తెలియదు పాపం.

బుధవారం ఆఫీసులో ఆమెకంటే ముందు చక్రధరంగారి మేనేజరు పానకాలు ఉన్నాడు, చంకలో రెండు సంచుల కాగితాలతో. గుమాస్తా భానుమూర్తి ఒక్కొక్కటే తిరగేశాడు. రైసుమిల్లు చక్రధరంగారి భార్య పేరున ఉంది. రొయ్యల చెరువులు అత్తగారి పేరున. లారీలు, ఐసు ఫ్యాక్టరీలో వాటా బావమరిది పేరున. ఆయన సొంత పేరున ఉన్నది నష్టం ఒక్కటే. నలభై లక్షల నష్టం.

"అంటే జరిమానా..." అని భానుమూర్తి కంప్యూటర్లో కొట్టాడు. కొట్టి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తిన్నగా ప్రభంజనరావుగారి గదిలోకి పరుగెత్తాడు.

"అయ్యా, నష్టంలో నూటికి ఒకటంటే మైనస్ నలభై వేలు వచ్చిందండి. అంటే ఆయన మనకి ఇవ్వక్కర్లేదు. మనమే ఆయనకి ఇవ్వాలండి."

ప్రభంజనరావుగారు ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. "సూత్రానికి ధనిక, పేద భేదం లేదు, కూడికకు తీసివేతకు కూడా భేదం లేదు. సదరు మొత్తం తక్షణం చెల్లించండి. ఆయన్ను ఇకమీదట అపరాధి అనరాదు, అపరాధ లబ్ధిదారు అనవలెను."

పానకాలు చెక్కు పుచ్చుకుని, "రోజుకి ఎన్నిసార్లు తప్పు చెయ్యొచ్చండి?" అని వినయంగా అడిగాడు.

"నిబంధనల్లో గరిష్ఠ పరిమితి లేదు."

ఆ సాయంత్రం నుంచి చక్రధరంగారి కారు మార్కెట్ సిగ్నల్ చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది. ఎర్రదీపం పడేదాకా ఓపిగ్గా ఆగి, పడగానే దూకేది. పచ్చదీపం వస్తే డ్రైవరు విసుక్కునేవాడు.

సరే, అది వదిలేయండి. నూకరత్నం వంతు వచ్చింది. ఆమె దగ్గర సంచుల్లేవు, కాగితాల్లేవు. నుదుట పావలా కాసంత కుంకుమ బొట్టు ఉందంతే.

"వార్షిక ఆదాయం ఎంతమ్మా?" అన్నాడు భానుమూర్తి.

"వార్షికం అంటే ఏటండి?"

"ఏడాదికమ్మా. ఈ సంవత్సరం నీ ఆదాయం ఎంత?"

నూకరత్నం మొహం విప్పారింది. తెలియని ప్రశ్నేదో అడుగుతారని భయపడింది గాని, ఇది తెలిసినదే. ఏటా ఉగాదినాడు గుళ్లో పంతులుగారు పంచాంగం చదివి చెబుతారుగా! ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని. 'నూ' అంటే అనూరాధ, అనూరాధ అంటే వృశ్చికం. ఆమె వేళ్లు మడిచి కంఠతా పట్టుకొచ్చింది కూడా.

"ఆదాయం పద్నాలుగండి. వ్యయం రెండేనండి. ఈ ఏడు మాకు శానా బాగుందండి, ఆయ్!"

భానుమూర్తి తలెత్తి ఆమె చిరుగుల చీర వైపు చూశాడు. ఎవరి గుట్టు ఎవరికి తెలుసు అనుకుని గళ్లలో పద్నాలుగు, రెండు నింపాడు. ఆ గళ్ల పైన "లక్షలలో" అని ముందే అచ్చువేసి ఉంది. పద్నాలుగులో రెండు పోగా పన్నెండు లక్షలు, అందులో నూటికొకటి. మిషను కిర్రుమంది.

"పన్నెండు వేలు కట్టమ్మా."

"పన్నెండు వే... గీత మీద జానెడు సక్రం పడ్డందుకా?"

"లెక్క ప్రకారం నక్కలరేవులో అందరికంటే ఎక్కువ ఆదాయం నీదేనమ్మా. చక్రధరంగారు నీ కంటే యాభై రెండు లక్షలు కింద ఉన్నారు."

నూకరత్నం లబలబలాడింది. "అయ్యబాబోయ్! అది పంచాంగంలో ఆదాయమండీ! నిజం ఆదాయం కాదండీ! నాకు రోజుకి డీజిలు పోను నాలుగొందలు మిగిల్తే పండగండీ!"

ఆ గొడవకు ప్రభంజనరావుగారు బయటికొచ్చారు. సంగతంతా విన్నారు. భానుమూర్తి మొహం పాలిపోయింది, తప్పు రాసినందుకు తిడతారని. ఆయన తిట్టలేదు. గోడ మేకుకు వేలాడుతున్న ఆఫీసు పంచాంగాన్ని తీసి, పుట తిప్పి, వేలు పెట్టి చూశారు. వృశ్చికం, ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. అక్షరం పొల్లుపోలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"భానుమూర్తీ! మనం ఇన్నాళ్లూ ప్రజల ఆదాయం ఎక్కడ దాచారా అని ఊరంతా గాలించాం. అది మన మేకుకే వేలాడుతోందయ్యా! ఆదాయమూ ఉంది, వ్యయమూ ఉంది, సంవత్సరం మొదట్లోనే అచ్చయి ఉంది. దాచడానికి వీల్లేదు, దిద్దడానికి వీల్లేదు. ఆ మంచుదేశంలో కూడా ఇంత ఏర్పాటు లేదు!"

"కానండి, అందరికీ నిజంగా అంత రాదు కదండీ" అన్నాడు భానుమూర్తి నసుగుతూ.

"రాకపోతే అది వారి అలసత్వం. పద్నాలుగని ముద్రించి ఇచ్చిన తర్వాత కూడా సంపాదించుకోలేదంటే, ఏమమ్మా, అది ఎవరి నిర్లక్ష్యం?"

నూకరత్నం తను ఇన్నేళ్లూ సంపాదించుకోకుండా వదిలేసిన లక్షలు ఎక్కడున్నాయా అన్నట్టు చుట్టూ చూసిందట పిచ్చితల్లి.

గురువారం పొద్దున్నకల్లా ఉత్తర్వు వచ్చేసింది. పంచాంగమే అధికారిక ఆదాయ పట్టిక. ఇక చూడండి తమాషా! పోలీసులు ఈల వేసి బండి ఆపి లైసెన్సు అడగడం మానేశారు, నక్షత్రం అడగడం మొదలుపెట్టారు. "ఏ పాదం? రెండో పాదమా? అటు నిలబడు!" పేరు మార్చుకునేవాళ్లు నోటరీ దగ్గర బారులు తీరారు. ఆ ఏడు మీనరాశికి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. అందుకని ఊరంతా మీనంలోకి దూరాలని చూసింది. ఆరడుగుల జిమ్ము మాస్టారు భీమశంకరం చిట్టిబాబు అయిపోయాడు. హైస్కూల్లో అయ్యవారు "చిట్టీ" అని పిలిస్తే తరగతంతా లేచి నిలబడింది. మార్చుకున్న పేర్లు వచ్చే ఉగాది నుంచి మాత్రమే చెల్లునని శుక్రవారం మరో ఉత్తర్వు వచ్చింది.

పుట్టుకతో మీనమైనవాళ్లు మాకు డబ్బివ్వాలిగా అని ఆఫీసుకెళ్లారు. అపరాధ లబ్ధిదారు కార్డు ఉందా అని అడిగారు లోపల. కార్డుకి మూడేళ్ల ఆదాయపన్ను కాగితాలు కావాలట. ఊరు మొత్తంలో ఆ కాగితాలున్న మీనం ఒక్కరే. 'చ' అంటే రేవతి, రేవతి అంటే మీనం. చక్రధరంగారు!

అయినా పానకాలు మొహం మాడ్చుకుని వచ్చాడు. "పాత లెక్కలో తప్పుకి నలభై వేలొచ్చేవండి. పంచాంగం ప్రకారం పన్నెండే వస్తున్నాయి. మా అయ్యగారు ఈ వారం బాగా నష్టపోయారండి."

"విచారకరం" అన్నారు ప్రభంజనరావుగారు. "పాతదీ కొత్తదీ, రెండింటిలో ఏది లబ్ధిదారుకు అనుకూలమో అదే వర్తించునని సవరణ చేస్తున్నాం."

ఇచ్చేవి పెరిగాయి కదా, మరి రావాలిగా? అందుకని వృశ్చికాలను వెతికి పట్టమని పోలీసులకు ఆజ్ఞ. 'న' తోనూ 'తో' తోనూ పేర్లు మొదలయ్యేవాళ్లు ఆ వారం సైకిలు కూడా ఎక్కలేదు. నడిచి వెళ్తున్న నారాయణమ్మను ఆపి, "బండి ఎప్పుడు కొంటున్నావు?" అని అడిగారంటే ఇక అర్థం చేసుకోండి.

శనివారం నూకరత్నం మళ్లీ ఆఫీసుకెళ్లి కాళ్లావేళ్లా పడింది. "సోమవారం ఒక్కరోజు సెవి ఇప్పించండి బాబూ. తర్వాత నన్ను జైల్లో యేసుకోండి."

భానుమూర్తి తల అడ్డంగా ఊపాడు. "రుసుము కట్టందే కుదరదమ్మా. పైగా నీకింకో బాకీ ఉంది. పంచాంగంలో ఆదాయ వ్యయాలతో పాటు రాజపూజ్యం, అవమానం కూడా ఉన్నాయి కదా. పట్టిక మొత్తం అమలు చేయాలని నిన్ననే నిర్ణయించారు. వృశ్చికానికి అవమానం ఏడు. పెంటయ్యా, కానివ్వు."

పెంటయ్య టోపీ సర్దుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి పాపం. వాళ్లావిడ నూకరత్నం దగ్గరే చేపలకి ఐసు ముక్కలు తెచ్చుకుంటుంది.

"ఏమీ అనుకోకక్కా, నిబంధన. ఒకటి, నీకు బుద్ధి లేదు. రెండు, నీకు సిగ్గు లేదు. మూడు... మూడు, నీకు బొత్తిగా బుద్ధి లేదు."

"బుద్ధి రెండుసార్లు వచ్చింది" అన్నాడు భానుమూర్తి పెన్ను ఆపి.

"నాలుగు, నువ్వొట్టి... ఏమంటారక్కా?"

"దేభ్యం మొకం అనయ్యా" అంది నూకరత్నం. "ఐదు, అడ్డగాడిద. ఆరు, తిన్నింటి వాసాలు లెక్కెట్టేదానా. రాసుకున్నారా? ఏడోది నేను మీ అందర్నీ కలిపి అంటాను, అది మాత్రం రాసుకోకండి."

ఆమె అన్నది నేను చెప్పను, మీరింకా పిల్లలు. అది విని భానుమూర్తి మాత్రం పెన్ను మూసి పక్కన పెట్టాడు. అతడూ మనిషే. చివరికి గొంతు తగ్గించి అన్నాడు.

"రత్నం గారూ, ఉత్తర్వు చదివి వినిపిస్తాను, జాగ్రత్తగా వినండి. 'వాహనపు తాళంచెవి స్వాధీనపరచుకోబడినది.' అంతే ఉంది. వాహనం స్వాధీనం చేసుకున్నట్టు ఎక్కడా లేదు. అలా రాస్తే బండి నిలపడానికి మేమే చోటు చూపించాల్సి వస్తుందని రాయలేదు. మీ ఆటో ఇంకా సిగ్నల్ పక్కనే ఉంది కదూ?"

"ఉందండి. సెవి లేకుండా ఇంజన్ ఎలా కదుల్ద్ది?"

"ఇంజన్ కదలదు. బండి కదలకూడదని కూడా లేదు" అని అతడు మళ్లీ కాగితాల్లో తల దూర్చాడు.

ఆదివారం పడవలు వేటకెళ్లాయి. ఒడ్డున నిలబడి ఎర్రయ్య మొహమాటంగానే అన్నాడు. "రత్నం, నలభై పడవలమ్మా. రెండు నెలలు పస్తులున్న పడవలు. రేపు తెల్లారేసరికి నీ ఐసు లేదనుకో, సక్రధరం గారి లారీ రెడీగా ఉంది. ఓసారి ఆ లారీకి ఇచ్చానంటే మరి ఎనక్కి తీసుకోలేను. నన్ననుకోకు."

"నిన్నేటనుకుంటాను ఎర్రయ్యా. రేపు కోడి కుయ్యకుండా ఆపుకో సాలు" అంది నూకరత్నం.

అక్కణ్ణుంచి తిన్నగా మేనమామ గవర్రాజు ఇంటికెళ్లింది. ఆయనకు ఒంటెద్దు బండి ఉంది, కొబ్బరి డొక్కలు తోలుతాడు. ఆ చిన్న బండిలో నలభై పడవల ఐసు పట్టదు గాని, ఎద్దు మాత్రం గట్టిది. ఎద్దు పేరు చుక్కోడు. నుదుట చిన్న తెల్లమచ్చ.

"మావయ్యా, సుక్కోణ్ణి ఓ పూట ఇయ్యి."

"ఆటోకి ఎద్దుని కడతావంటే! ఊరు నవ్వుద్దే!"

"నవ్వనీ. నవ్వుకి జరిమానా ఇంకా ఎయ్యలేదుగా!"

సోమవారం తూరుపు తెల్లబడుతుండగా నక్కలరేవు ఆ ఊరేగింపును చూసింది. ముందు చుక్కోడు, మోకులతో కట్టిన ఆటో వెనకాల, ఆటో నిండా ఐసు, పక్కన హ్యాండిలు పట్టుకుని నడుస్తూ నూకరత్నం, వెనకనుంచి తోస్తూ తిట్టుకుంటూ గవర్రాజు. మార్కెట్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. నూకరత్నం "హో హో" అంది. చుక్కోడు రంగులు చూసి ఆగే రకం కాదు. తెల్లగీత దాటి, దీపం దాటి, అదే నడకన సాగిపోయాడు. పైన కెమెరా తళుక్కుమంది.

పడవలు ఒడ్డుకు తగిలే వేళకి ఐసు రేవులో ఉంది. వంజరాలు, చందువాలు, రొయ్యలు బుట్టలకు బుట్టలు దిగుతుంటే, ఆమె దిమ్మలు పగలగొట్టి పరిచింది. ఎర్రయ్య తన తలపాగా విప్పి ఎద్దు మొహం తుడిచాడు. చక్రధరంగారి లారీలో ఐసు కొనేవాడు లేక మధ్యాహ్నానికి నీరై కారిపోయింది. ఆ నష్టాన్ని కూడా పానకాలు లెక్కల్లో ఎక్కించి, తప్పుకి వచ్చే మొత్తం మరికాస్త పెంచుకున్నాడనుకోండి. నష్టం వల్ల ఎన్నడూ నష్టపోని మనిషి ఆయన.

ఆఫీసులో మాత్రం ఆ ఫొటో చూసి పెద్ద చర్చ జరిగింది. డ్రైవరు సీటు ఖాళీ. ఇంజను నడవలేదు. బండి మాత్రం ఎర్రదీపం దాటింది. చోదకుడు ఎవరు?

"నడిచింది ఆటో. దాన్ని నడిపించినది ముందున్న జీవి" అని తేల్చారు ప్రభంజనరావుగారు. "కాబట్టి సదరు ఎద్దే చోదకుడు."

"ఎద్దుకి ఆదాయం ఎక్కడిదండీ?" అన్నాడు భానుమూర్తి. "పోనీ పేరుబట్టి చూద్దామంటే, చుక్కోడు, 'చు' అంటే అశ్విని, మేషరాశి..."

ప్రభంజనరావుగారు బల్ల చరిచారు. "ప్రత్యక్షంగా వృషభం కళ్లెదుట కనిపిస్తుంటే మేషం అంటావేమయ్యా! కళ్లున్నాయా నీకు? వృషభ రాశి! తియ్యి పంచాంగం!"

వృషభం, ఆదాయం పదకొండు, వ్యయం ఐదు. ఆరు వేల జరిమానా. రాజపూజ్యం కూడా ఆరే. పట్టిక మొత్తం అమలు చేయాలన్న ఉత్తర్వు ఉంది కదా మరి.

ఆ మధ్యాహ్నం గవర్రాజు ఇంటి ముందు, వీధివీధంతా చూస్తుండగా, కానిస్టేబుల్ పెంటయ్య బూటు నేలకు కొట్టి చుక్కోడికి ఆరుసార్లు సెల్యూట్ చేశాడు. ఆరోది అయ్యాక రెండు చేతులతో నోటీసు ముందుకు చాచాడు. చుక్కోడు వాసన చూశాడు. మెల్లగా నాలుక చాపి కాగితం అందుకున్నాడు. ప్రభుత్వ ముద్రతో సహా, నిదానంగా, ఏ తొందరా లేకుండా నమిలి మింగాడు.

పెంటయ్య తిరిగెళ్లి జరిగినది జరిగినట్టు చెప్పాడు. ప్రభంజనరావుగారు క్షణం ఆలోచించి, భానుమూర్తి చేత రిజిస్టరులో రాయించారు: "నోటీసు స్వీకరించబడినది."

ఇదర్రా సంగతి. రేపెప్పుడైనా మీ ఊళ్లో చదువుకున్న పెద్దమనిషి మైకు పుచ్చుకుని, ఇకమీదట అందరికీ న్యాయం కొలిచి పంచుతాం అంటే, మీరు కూడా చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టేటప్పుడు మాత్రం నూకరత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని పక్కనున్నవాళ్లకి ఈ కథ చెప్పండి. నా అంత సాగదీసి చెప్పక్కర్లేదు గాని, చుక్కోడు కాగితం నమిలిన చోట మాత్రం తొందరపడకండి. అక్కడ నిదానంగా చెప్పాలి.